ప్రొటెక్టివ్ ఆర్డర్ వచ్చింది సరే, ఇంట్లో ఉన్న తుపాకుల సంగతేంటి?

లావణ్య_డాలస్
సోమవారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. చాలా ఏళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మా పెద్దమ్మ కూతురి విషయం. అక్కను అడిగే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

అక్కకి పెళ్ళై 11 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. బావకి సిటిజన్‌షిప్ ఉంది, అక్కది గ్రీన్ కార్డ్. 2020లో లాక్‌డౌన్ టైమ్‌లో అందరూ కొంటున్నారని బావ మొదటి పిస్టల్ కొన్నాడు. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఒక రైఫిల్. బెడ్‌రూమ్ క్లోజెట్‌లో సేఫ్ పెట్టాడు, దాని కోడ్ ఆయనకి ఒక్కడికే తెలుసు. ఎప్పుడూ అక్కకి గురిపెట్టలేదు. కానీ గొడవ ముదిరినప్పుడల్లా పిస్టల్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, తుడుస్తూ మాట్లాడేవాడు. అక్క ఇది నాకు కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదు.

రెండు వారాల క్రితం బాగా కొట్టాడు. పెద్దవాడు 911కి ఫోన్ చేశాడు. వాడికి తొమ్మిదేళ్ళు. పోలీసులు బావని తీసుకెళ్ళారు, మర్నాడు బాండ్ మీద బయటికొచ్చాడు. మెజిస్ట్రేట్ ఎమర్జెన్సీ ఆర్డర్ ఇచ్చారు, ఇంటి దగ్గరికి రాకూడదని. ఇప్పుడు ఫ్రెండ్ ఇంట్లో ఉంటున్నాడు, ఇరవై నిమిషాల దూరం.

పోలీసులు దెబ్బలు ఫోటో తీశారు, అన్నీ రాసుకున్నారు. ఇంట్లో గన్స్ ఉన్నాయా అని మాత్రం ఎవరూ అడగలేదు. అక్క కూడా చెప్పలేదు, ఆ టెన్షన్‌లో తోచలేదంది. సేఫ్ అక్కడే ఉంది. శుక్రవారం ఆ ఫ్రెండ్‌తో కబురు పంపాడు, నా సామాన్లు తీసుకెళ్ళడానికి వస్తానని. గుంటూరు నుంచి పెద్దవాళ్ళేమో "సామాన్లే కదమ్మా, ఇచ్చేయ్, గొడవ ఎందుకు" అంటున్నారు.

భార్యని కొట్టినవాడి దగ్గర తుపాకీ ఉండకూడదని అమెరికాలో చట్టం ఉందని విన్నాను. ఉంటే, ఆ తుపాకులు ఇంట్లోంచి ఎవరు తీసుకెళ్తారు? ఎవరికి ఫోన్ చేయాలి?


పద్మ_ప్లేనో
సోమవారం, రాత్రి 10:55

లావణ్యా, ముందు అక్కనీ పిల్లల్నీ ఈ రాత్రికే మీ ఇంటికి తీసుకొచ్చేయండి. మిగతాది తర్వాత.

నేను లాయర్‌ని కాదు. ఫ్యామిలీ లా ఆఫీసులో తొమ్మిదేళ్ళు పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకురాలిగా చేశాను. నాకు తెలిసింది చెప్తాను, రేపు లాయర్‌తో సరిచూసుకోండి.

ఒకటి. ఆ ఎమర్జెన్సీ ఆర్డర్ కాగితం తీసి ప్రతి లైనూ చదవండి. టెక్సస్‌లో ఈ ఆర్డర్‌లో తుపాకీ దగ్గర ఉంచుకోకూడదన్న షరతు జడ్జి పెట్టవచ్చు. ఆ ఆర్డర్ అందాక తుపాకీ పెట్టుకోవడం రాష్ట్ర చట్టం కింద నేరం. అయినా కాగితంలో ఆ షరతు లేకపోతే అడిగి పెట్టించుకోవాలి. ఈ ఆర్డర్ ఎక్కువ కాలం ఉండదు. మామూలుగా 31 నుంచి 61 రోజులు, ఆయుధంతో దాడి కేసైతే 91 వరకు. ఈలోపే అసలు ప్రొటెక్టివ్ ఆర్డర్‌కి అప్లై చేయాలి. అది సాధారణంగా రెండేళ్ళ దాకా ఉంటుంది. దానికి ఫీజు లేదు, కౌంటీ ప్రాసిక్యూటర్ (ప్రభుత్వ లాయర్) ఆఫీసు వాళ్ళే పిటిషన్ వేయడానికి సాయం చేస్తారు.

రెండు. టేబుల్ మీద పిస్టల్ పెట్టి మాట్లాడిన సంగతి అఫిడవిట్‌లో రాయాలి. తేదీలు గుర్తులేకపోతే "దీపావళి ముందు", "బాబు పుట్టినరోజు నాడు" అని రాసినా పర్వాలేదు. గురిపెట్టలేదు కదా అని చాలామంది వదిలేస్తారు. వదలొద్దు.

మూడు. తుపాకులు కొన్న బిల్లులు, డబ్బాలు, ఫోటోలు ఏమున్నా ఫోన్‌లో ఫోటో తీయండి. డబ్బా మీద సీరియల్ నంబర్ ఉంటుంది. ఎన్ని ఉన్నాయో లెక్క మీ దగ్గర ఉండాలి.

నాలుగు. అక్కని సేఫ్ ముట్టుకోవద్దనండి. సామాన్ల కోసం ఆయన్ని రానివ్వొద్దు. బట్టలు కావాలంటే పోలీసు పక్కన ఉండగా తీసుకెళ్ళే పద్ధతి ఉంది, అది కూడా లాయర్ల ద్వారానే.


లావణ్య_డాలస్
సోమవారం, రాత్రి 11:40

వెళ్ళి తీసుకొచ్చేశాం అక్కా. పిల్లలు నిద్రపోయారు. ఆర్డర్ చదివాను. ఇంటికి 200 గజాల లోపు రాకూడదని ఉంది, ఫోన్ చేయకూడదని ఉంది. తుపాకుల గడి ఖాళీగా వదిలేశారు.


వేణు_కరీంనగర్
మంగళవారం, ఉదయం 6:15

చదువుతుంటే మనసు పాడైంది. అక్కడి చట్టం నాకు తెలియదు. ఒక్క సందేహం. మా దగ్గర తుపాకీ లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సిందే. మా బాబాయికి పొలం దగ్గర అవసరమని లైసెన్స్ ఉండేది. కోడ్ రాగానే స్టేషన్ నుంచి ఫోన్, వెళ్ళి అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఎవరి దగ్గర ఏముందో వాళ్ళ రిజిస్టర్‌లో ఉంటుంది కాబట్టి. అమెరికాలో అలా రిజిస్టర్ ఉండదా? కోర్టు వద్దన్నాక కూడా ఇంట్లో ఎలా ఉంటుంది?


కార్తీక్_ఆస్టిన్
మంగళవారం, ఉదయం 8:05

వేణు గారూ, ఉండదండీ. దేశమంతటికీ కలిపి తుపాకుల రిజిస్టర్ పెట్టకూడదని ఇక్కడ ఫెడరల్ చట్టమే ఉంది. టెక్సస్‌లో తుపాకీ కొనడానికి లైసెన్స్ అక్కర్లేదు. షాపులో కొంటే ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. మనిషి దగ్గర మనిషి కొంటే అదీ లేదు. అందుకే ఫలానా వాళ్ళింట్లో మూడున్నాయని పోలీసుకి ఇంట్లోవాళ్ళు చెప్తేనే తెలుస్తుంది.

చట్టం మాత్రం గట్టిదే. క్లుప్తంగా చెప్తాను. 1968 చట్టం పెద్ద నేరాల్లో శిక్షపడినవాళ్ళకి తుపాకీ నిషేధించింది. కానీ ఇంట్లో భార్యని కొట్టిన కేసులు చాలావరకు పెద్ద నేరం కింద నడవవు, మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం కింద తేలిపోతాయి. ఆ మనిషి మళ్ళీ షాపుకెళ్ళి కొనుక్కోవచ్చు. 1994లో, కోర్టు విచారణ జరిపి ఇచ్చిన ప్రొటెక్టివ్ ఆర్డర్ కింద ఉన్నవాళ్ళకి నిషేధం తెచ్చారు. 1996లో న్యూజెర్సీ సెనేటర్ ఫ్రాంక్ లౌటెన్‌బర్గ్ పెట్టిన సవరణతో గృహహింస మిస్‌డిమీనర్‌లో శిక్షపడినా నిషేధమే. ఈ సవరణలో పోలీసులకీ సైనికులకీ కూడా మినహాయింపు లేదు. డ్యూటీ గన్ కూడా పట్టుకోకూడదు. ఉల్లంఘిస్తే మొదట పదేళ్ళ దాకా జైలు ఉండేది, 2022లో దాన్ని 15 ఏళ్ళకి పెంచారు.

లోటు ఎక్కడంటే, ఆ మనిషి దగ్గర అప్పటికే ఉన్న తుపాకీని ఎవరు, ఎన్ని గంటల్లో, ఎలా తీసుకోవాలో ఫెడరల్ చట్టంలో లేదు. ఉంచుకోకూడదు అంటుంది, అంతే. తీసుకెళ్ళే పని రాష్ట్రాలకి వదిలేసింది. కొన్ని రాష్ట్రాలు చేశాయి, కొన్ని చేయలేదు. టెక్సస్‌లో రాష్ట్రమంతటికీ ఒక పద్ధతంటూ లేదు. డాలస్ కౌంటీ 2015లో సొంతంగా ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టింది గానీ, అనుకున్నదానికంటే చాలా తక్కువ తుపాకులు వచ్చాయి.


నరసింహ_హ్యూస్టన్
మంగళవారం, మధ్యాహ్నం 12:30

లావణ్య గారూ, మీ అక్కకి ఏం కాకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. టేబుల్ మీద గన్ పెట్టి భార్యతో మాట్లాడేవాడు గన్ ఓనర్ అనిపించుకోవడానికి తగడు. రేంజ్‌లో మేము మొదట నేర్చుకునేదే అది.

కానీ రెండో వైపు కూడా చెప్పాలి. నా దగ్గర నాలుగు గన్స్ ఉన్నాయి, పదిహేనేళ్ళుగా. ఒకసారి మా షాపులో దొంగతనం జరిగింది, ఆ రాత్రి నుంచి పెట్టుకున్నాను. అట్లాంటాలో నాకు బాగా దగ్గరివాడొకడికి విడాకుల సమయంలో పిల్లల కస్టడీ కోసం ఎక్స్‌పార్టే ఆర్డర్ వేశారు. వాడి మాట వినకుండానే. తర్వాత విచారణలో ఆ పిటిషన్ కొట్టేశారు. ఆ మూడు వారాలు వాడు పడ్డ అవమానం నేను చూశాను. ఒక మనిషి రాజ్యాంగ హక్కు తీసేసేముందు అతని మాట కూడా వినాలి కదా. "చెప్పగానే పట్టుకుపోవాలి" అంటే నేను ఒప్పుకోలేను.


పద్మ_ప్లేనో
మంగళవారం, మధ్యాహ్నం 1:10

నరసింహ గారూ, మీ స్నేహితుడికి జరిగింది నేను కాదనను. అలాంటి కేసులు ఆఫీసులో నేనూ చూశాను. అందుకే ఫెడరల్ చట్టం ఎక్స్‌పార్టే ఆర్డర్‌కి వర్తించదు. అవతలి మనిషికి నోటీసు వెళ్ళాలి, విచారణలో మాట్లాడే అవకాశం ఉండాలి, అప్పుడే నిషేధం. మీరు అడిగే రక్షణ చట్టంలో ఉంది.

దాని ఖరీదు కూడా చూడండి. ఆడమనిషి ఇల్లు వదిలిన రోజు నుంచి విచారణ రోజు వరకు ఉన్న రెండు మూడు వారాలే అన్నిటికంటే ప్రమాదం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫెడరల్ చట్టం చేతులు కట్టుకుని ఉంటుంది.


కార్తీక్_ఆస్టిన్
మంగళవారం, మధ్యాహ్నం 2:45

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, అదీ మన టెక్సస్ నుంచే. రహీమీ కేసు. 2019 డిసెంబర్‌లో అతను ఆర్లింగ్టన్‌లో ఒక పార్కింగ్ లాట్‌లో గర్ల్‌ఫ్రెండ్‌ని లాగి కారులో పడేశాడు, ఆమె తల డ్యాష్‌బోర్డ్‌కి తగిలింది. చూసిన వ్యక్తి ఉన్నాడని తుపాకీ పేల్చాడు. ఎవరికైనా చెప్తే కాల్చేస్తానని తర్వాత ఫోన్ చేశాడు. 2020 ఫిబ్రవరిలో ఆమెకి రెండేళ్ళ ప్రొటెక్టివ్ ఆర్డర్ వచ్చింది. అతని తుపాకులు మాత్రం అతని దగ్గరే ఉన్నాయి. ఆ తర్వాత వేరువేరు చోట్ల వరసగా కాల్పులు జరిపాడు. పోలీసులు ఇల్లు సోదా చేస్తే పిస్టల్, రైఫిల్ దొరికాయి. వాటితోపాటు ఆ ప్రొటెక్టివ్ ఆర్డర్ కాపీ కూడా అదే గదిలో దొరికింది.

2022లో బ్రూయెన్ తీర్పులో, తుపాకీ చట్టం ఏదైనా దేశ చరిత్రలో ఉన్న సంప్రదాయానికి సరిపోవాలని సుప్రీంకోర్టు అంది. దాన్ని పట్టుకుని ఫిఫ్త్ సర్క్యూట్ (టెక్సస్ కేసులు వినే ఫెడరల్ అప్పీల్ కోర్టు) 2023లో ఈ 1994 నిషేధమే చెల్లదని తేల్చింది. 1790ల్లో భార్యని కొట్టినవాడి తుపాకీ లాక్కునే చట్టం ఎక్కడుంటుంది చెప్పండి? ఆ కాలంలో భార్యకి ఆస్తి హక్కే సరిగ్గా లేదు. ఆ ఏడాది నేను నిజంగా భయపడ్డాను.

2024 జూన్ 21న సుప్రీంకోర్టు 8-1 తేడాతో దాన్ని తిప్పికొట్టింది. చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాశారు. జస్టిస్ థామస్ ఒక్కరే విభేదించారు. అచ్చం అలాంటి పాత చట్టమే ఉండనక్కర్లేదు, సూత్రం ఒకటైతే చాలన్నారు. గొడవ చేసేవాడని అనుమానం ఉన్న మనిషి దగ్గర పూచీ తీసుకునే చట్టాలు, ఆయుధాలతో తిరిగి జనాన్ని బెదిరిస్తే శిక్షించే చట్టాలు పాతకాలంలోనూ ఉన్నాయి. కాబట్టి ఇంకొకరి ప్రాణానికి ముప్పు అని కోర్టు తేల్చిన మనిషి దగ్గర ఆ ఆర్డర్ ఉన్నంత కాలం తుపాకీ లేకుండా చేయవచ్చు. నరసింహ గారూ, "కోర్టు తేల్చాక", "ఆర్డర్ ఉన్నంత కాలం", ఈ రెండు మాటల మీదే ఆ తీర్పు నిలబడింది. శాశ్వతంగా లాక్కోవడం గురించి కాదు.


వాసంతి_షికాగో
మంగళవారం, సాయంత్రం 6:30

నేను ఆరేళ్ళుగా వీకెండ్స్‌లో హెల్ప్‌లైన్ వాలంటీర్‌గా తెలుగు, హిందీ కాల్స్ తీసుకుంటున్నాను. మాకు నేర్పిన ప్రశ్నల పట్టికలో మొదట్లోనే ఉండేది "ఇంట్లో తుపాకీ ఉందా". జాన్స్ హాప్‌కిన్స్‌లో నర్సింగ్ ప్రొఫెసర్ జాక్వెలిన్ క్యాంప్‌బెల్ తయారుచేసిన పట్టిక అది. 11 నగరాల్లో ఆమె బృందం చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. హింసించే మగవాడి చేతికి తుపాకీ అందుబాటులో ఉంటే, ఆ ఆడమనిషి హత్యకి గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు పెరుగుతుందని అందులో తేలింది. అదే పట్టికలో ఇంకా ఏముంటాయంటే, చంపుతానని బెదిరించాడా, గొంతు నొక్కాడా, మీరు ఈమధ్యే విడిపోయారా.

లావణ్యా, గొంతు నొక్కిన సంగతి ఉంటే అక్కని నిదానంగా అడిగి తెలుసుకోండి. బయటికి దెబ్బ కనపడదు కాబట్టి మన ఆడవాళ్ళు అసలు చెప్పరు.

మన తెలుగు కాల్స్‌లో నేను గమనించింది ఒకటుంది. తుపాకీ ఉందా అంటే, "ఉంది కానీ ఆయన అలాంటివాడు కాదండీ" అంటారు. ఇరవై నిమిషాల నుంచి ఆయన ఎలా కొట్టాడో చెప్తూనే ఆ మాట అంటారు. నాకు ఏడుపొస్తుంది. ఆ మనిషి ఎలాంటివాడో నేను అడగలేదు. తుపాకీ ఏ గదిలో ఉందని అడిగాను.

మా ఇల్లినాయిలో 2023లో ఒక తల్లి, టీనేజ్ కూతురు చనిపోయారు. ఆమెకి ప్రొటెక్టివ్ ఆర్డర్ ఉంది. తుపాకీ ఉంచుకోవడానికి ఇక్కడ కావలసిన కార్డు భర్తది కూడా రద్దు చేశారు. అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నాయి. తుపాకీ మాత్రం ఇంట్లోంచి కదల్లేదు. ఆ తల్లి పేరు మీదే 2025లో కరీనాస్ లా వచ్చింది. జడ్జి ఆదేశిస్తే పోలీసులే 96 గంటల్లోపు వెళ్ళి తుపాకులు తీసుకోవాలి. ఆ నాలుగు రోజులు కూడా ఎక్కువే అని నాకనిపిస్తుంది, కానీ "ఎవరో ఒకరు వెళ్ళాలి" అన్నదైతే చట్టంలోకి వచ్చింది.

జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233. ఇంటర్‌ప్రెటర్ కావాలంటే తెలుగు అని చెప్పండి చాలు.


ఎడిసన్_రాజేశ్వరి
మంగళవారం, రాత్రి 8:10

న్యూజెర్సీలో మా పక్కింట్లో జరిగింది చూశాను. గొడవకి వచ్చిన పోలీసులే ఇంట్లో ఆయుధాలున్నాయా అని అడిగి, ఉన్నవి అప్పుడే పట్టుకెళ్ళారు. ఇక్కడి చట్టంలో అది ఉంది. ఆవిడకి ఆ రాత్రి అడగాలన్న ఆలోచన కూడా లేదు. ఆవిడ అడగక్కర్లేకుండానే జరిగింది. టెక్సస్‌లో ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే లావణ్య ఈ పోస్ట్ పెట్టాల్సిన పనే ఉండేది కాదు కదా.


పేరు_వద్దు
మంగళవారం, రాత్రి 11:50

వేరే ఐడీతో రాస్తున్నాను. నేను ఎమ్మెస్ చదివేటప్పుడు ఒకబ్బాయితో రిలేషన్‌లో ఉన్నాను. కలిసి ఉండలేదు, ఎవరి అపార్ట్‌మెంట్ వాళ్ళది. నన్ను రెండుసార్లు కొట్టాడు. బ్రేకప్ చెప్పాక నా పార్కింగ్ దగ్గర కారులో గంటలు గంటలు కూర్చునేవాడు. అతనిదీ స్టూడెంట్ వీసానే. వీసా మీద ఉన్నవాళ్ళు గన్ పెట్టుకోకూడదు కదా అని ధైర్యంగా ఉండేదాన్ని. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉందని, అతను అది తీసుకుని ఎప్పుడో కొన్నాడని తర్వాత తెలిసింది.

కేసు పెట్టాను. ఆ రోజుల్లో పెళ్ళి గానీ, కలిసి ఉండటం గానీ, బిడ్డ గానీ లేకపోతే ఫెడరల్ చట్టానికి అది గృహహింస కాదు. బాయ్‌ఫ్రెండ్ లూప్‌హోల్ అంటారట. నన్ను కొట్టిన చెయ్యి భర్త చెయ్యి కాదని నాకు రక్షణ లేదు. నేను ఊరు మారిపోయాను. థీసిస్ ఆర్నెల్లు ఆలస్యమైంది. అమ్మానాన్నలకి ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మారిందా? ఎవరైనా చెప్పండి.


కార్తీక్_ఆస్టిన్
బుధవారం, ఉదయం 7:30

కొంత మారిందండీ. టెక్సస్‌లోని యువాల్డీ స్కూల్ కాల్పుల తర్వాత 2022 జూన్‌లో వచ్చిన చట్టంలో డేటింగ్ రిలేషన్ కూడా చేర్చారు. ఇప్పుడు గర్ల్‌ఫ్రెండ్‌ని కొట్టిన కేసులో శిక్షపడినా తుపాకీ నిషేధం. మొదటిసారి నేరమైతే, ఐదేళ్ళు మళ్ళీ ఏ తప్పూ చేయకపోతే హక్కు తిరిగి వస్తుంది. కానీ అది శిక్షపడిన కేసులకే. ప్రొటెక్టివ్ ఆర్డర్ దగ్గర ఫెడరల్ చట్టం ఇంకా పాత నిర్వచనంలోనే ఉంది. కలిసి ఉండని ప్రేమికుడి మీద ఆర్డర్ వచ్చినా ఫెడరల్ నిషేధం వర్తించదు. రాష్ట్ర చట్టం ఉంటేనే దిక్కు.

మీరు రాసినందుకు థాంక్స్. రాయడం ఎంత కష్టమో తెలుస్తోంది.


సుబ్బారావు_గుంటూరు
బుధవారం, ఉదయం 9:00

అమ్మాయ్ లావణ్యా, నా కూతురు కూడా అక్కడే ఉంది, అందుకే అడుగుతున్నా. కేసు ముదిరితే అల్లుడి ఉద్యోగం పోతుంది, వీసా ఉన్నవాళ్ళయితే దేశం నుంచే పంపేస్తారంటారు. పిల్లల గతేంటి? పెద్దవాళ్ళం భయపడేది అందుకేనమ్మా, ఆడపిల్ల మీద ప్రేమ లేక కాదు.


పద్మ_ప్లేనో
బుధవారం, ఉదయం 9:40

బాబాయ్ గారూ, ఆ భయం నిజమైనదే. సిటిజన్ కానివాళ్ళకి గృహహింస కేసులో శిక్షపడినా, ప్రొటెక్టివ్ ఆర్డర్ ఉల్లంఘించారని తేలినా దేశం నుంచి పంపేయవచ్చు. లావణ్య బావ సిటిజన్, ఆయనకి ఆ ప్రశ్న లేదు. గ్రీన్ కార్డ్ అల్లుళ్ళకీ, హెచ్1బీ అల్లుళ్ళకీ ఉంది. దాంతో భార్య సాక్ష్యం చెప్పదు, కేసు ఏదో చిన్న సెక్షన్‌కి మారిపోతుంది, గృహహింస శిక్ష రికార్డులోకి రాదు. శిక్ష లేకపోతే తుపాకీ నిషేధమూ లేదు. మన ఇళ్ళల్లో ఈ చట్టం వీగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఆడపిల్లల తండ్రులకి నేను చెప్పేది, దారులు ఉన్నాయి. సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ ఉన్నవాడి భార్య, అతని సంతకం లేకుండా తనంతట తానే వావా పిటిషన్ (హింసకి గురైనవాళ్ళు గ్రీన్ కార్డ్ కోసం సొంతంగా వేసుకునేది) వేసుకోవచ్చు. హెచ్4 మీద, అంటే భర్త హెచ్1బీ మీద ఆధారపడి ఉన్న భార్య, హింసకి గురైతే, సొంతంగా వర్క్ పర్మిట్‌కి అప్లై చేయవచ్చు. నేరానికి బాధితురాలై పోలీసులకి సహకరిస్తే యూ వీసా ఉంది, ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి నిరీక్షణ చాలా ఎక్కువ. ప్రొటెక్టివ్ ఆర్డర్ అడగడానికి అసలు ఏ వీసా అయినా పర్వాలేదు.

అల్లుడి ఉద్యోగం మళ్ళీ వస్తుంది బాబాయ్ గారూ.


సుబ్బారావు_గుంటూరు
బుధవారం, ఉదయం 10:15

అర్థమైందమ్మా. ఈ రాత్రికి మా అమ్మాయికి ఫోన్ చేసి ఇంట్లో తుపాకీ ఉందేమో అడుగుతాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.


మాధవి_బెల్‌వ్యూ
బుధవారం, మధ్యాహ్నం 1:20

వాషింగ్టన్ రాష్ట్రం పద్ధతి చెప్తాను, బాగా పనిచేసేది కాబట్టి. ఇక్కడ జడ్జి ఆయుధాలు అప్పగించమని ఆర్డర్ ఇస్తే, ఆ కాగితం అందించడానికి వెళ్ళిన పోలీసే అక్కడికక్కడ తుపాకులు తీసుకోవాలి. ఆ మనిషి అప్పగించినట్టు రసీదుతో కోర్టులో చూపాలి, లేదా నా దగ్గర ఏమీ లేవని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. తర్వాత జడ్జి మళ్ళీ పిలిచి సరిచూస్తారు. కింగ్ కౌంటీలో ఈ పని కోసమే 2018 నుంచి ఒక ప్రత్యేక యూనిట్ ఉంది. వాళ్ళు భార్యకి ఫోన్ చేసి ఏమేం తుపాకులున్నాయో అడిగి, ఆయన ఇచ్చిన లెక్కతో పోల్చి చూస్తారు. మా స్నేహితురాలి కేసులో ఆయన ఒకటే అన్నాడు, ఈవిడ రెండని చెప్పింది. రెండోది గరాజ్‌లో దొరికింది.

చట్టం ఉంది కదా అని ఎవరూ సరిచూడకుండా ఊరుకుంటే ఏమవుతుందో 2017లో టెక్సస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చి కాల్పుల్లో చూశాం. కాల్చినవాడికి ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగానే భార్యనీ, ఆమె చిన్న కొడుకునీ కొట్టినందుకు 2012లో శిక్షపడింది. ఎయిర్‌ఫోర్స్ ఆ సంగతి ఎఫ్‌బీఐకి పంపలేదు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏమీ కనపడలేదు, షాపుకెళ్ళి కొన్నాడు. 26 మంది పోయారు. చట్టం 1996 నుంచీ ఉంది.


నరసింహ_హ్యూస్టన్
బుధవారం, సాయంత్రం 5:50

నిన్నటి నుంచి ఇవన్నీ చదువుతున్నాను. ఆ ఎమ్మెస్ అమ్మాయి రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నా కూతురు వచ్చే ఏడాది కాలేజీకి వెళ్తోంది.

విచారణ జరగాలన్న నా మాట మీదే ఉన్నాను. కానీ విచారణ అయ్యాక కూడా తుపాకీ ఆ ఇంట్లోనే ఉండటాన్ని నేను సమర్థించలేను. విచారణకి ముందు రెండు మూడు వారాల సంగతి పద్మ గారు చెప్పారు. దానికి నా దగ్గర జవాబు లేదు. విచారణని మూడు రోజుల్లో పెట్టగలిగితే ఇద్దరికీ న్యాయం జరుగుతుందేమో.

లావణ్య గారూ, పనికొచ్చే విషయం ఒకటి. మీ బావ లాయర్ "ఆయన ఆస్తి ఎలా వదులుకుంటాడు" అని అడ్డం తిరగొచ్చు. 2015లో హెండర్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిషేధం పడిన మనిషి తన తుపాకుల్ని అమ్మించుకోవచ్చు, లేదా తన అదుపులో లేని మూడో మనిషికి ఇప్పించవచ్చు. డబ్బు పోదు. లైసెన్స్ ఉన్న డీలర్లు చాలామంది నెలకింత అని తీసుకుని భద్రపరుస్తారు, రసీదు ఇస్తారు. కావాలంటే డాలస్ వైపు నాకు తెలిసిన ఇద్దరు డీలర్ల వివరాలు మీకు మెసేజ్ చేస్తాను. ఆయనకి దగ్గరి స్నేహితుడి ఇంట్లో పెట్టడానికి మాత్రం ఒప్పుకోవద్దు. అడిగితే ఇచ్చేస్తాడు.


లావణ్య_డాలస్
గురువారం, రాత్రి 9:30

నరసింహ గారూ, మెసేజ్ అందింది, చాలా థాంక్స్.

ఇవాళ జరిగింది. పద్మక్క చెప్పినట్టు నిన్న ప్రాసిక్యూటర్ ఆఫీసుకి వెళ్ళాం. అక్క అఫిడవిట్‌లో టేబుల్ మీద పిస్టల్ సంగతి ఐదు సార్లు జరిగినట్టు రాసింది. రాస్తూ రాస్తూ ఒకచోట ఆగిపోయింది. వాసంతి గారూ, మీరు అడగమన్నది నిజమే. గొంతు నొక్కాడు, పోయిన సంక్రాంతికి. నేను ఆ రోజు వాళ్ళింట్లో భోజనం చేసి వచ్చాను. మెడకి చున్నీ చుట్టుకుని వడ్డించింది.

ఈ ఉదయం జడ్జి బాండ్ షరతులు మార్చారు. తుపాకులు ఉండకూడదు, 48 గంటల్లో పోలీసులకి గానీ లైసెన్స్ ఉన్న డీలర్‌కి గానీ అప్పగించి రసీదు కోర్టులో పెట్టాలి. బావ లాయర్ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. సేఫ్ కోడ్ లాయర్ ద్వారానే ఇచ్చారు. మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు వచ్చి తెరిచారు, నేను అక్కతో పాటు అక్కడే ఉన్నాను.

సేఫ్‌లో రెండు పిస్టల్సే ఉన్నాయి. రైఫిల్ లేదు.

అక్క డబ్బా ఫోటో తీసి పెట్టింది కాబట్టి సీరియల్ నంబర్ చూపించాం. ఆ నంబర్ లేకపోతే రెండు తీసుకుని, అయిపోయిందని వెళ్ళిపోయేవాళ్ళే. ఆఫీసర్ బావ లాయర్‌కి ఫోన్ చేశారు. ఆ రైఫిల్ వేసవిలో రేంజ్‌కని తీసుకెళ్ళి ఫ్రెండ్ ఇంట్లోనే వదిలాడట. ఇప్పుడు బావ ఉంటున్నది ఆ ఫ్రెండ్ ఇంట్లోనే.


పద్మ_ప్లేనో
గురువారం, రాత్రి 9:45

ఇది ఈ రాత్రే ప్రాసిక్యూటర్‌కి ఈమెయిల్‌లో పెట్టండి, పొద్దుటిదాకా ఆగొద్దు. సీరియల్ నంబర్ ఫోటో జత చేయండి. రైఫిల్ ఎక్కడుందో ఆయన లాయర్ తన నోటితో ఒప్పుకున్నారని, ఏ ఆఫీసర్‌తో అన్నారో, టైమ్ ఎంతో రాయండి. ఆ రసీదు వచ్చేవరకు అక్క ఆ ఇంటికి వెళ్ళకూడదు. పిల్లల స్కూల్లో ఆర్డర్ కాపీ ఇచ్చారా?


లావణ్య_డాలస్
గురువారం, రాత్రి 10:30

ఈమెయిల్ పంపాం. స్కూల్ కాపీ రేపు ఉదయం ఎనిమిదికి నేనే తీసుకెళ్తున్నాను. విచారణ పన్నెండో తేదీకి వేశారు. అక్క కూడా ఈ థ్రెడ్ మొదటినుంచీ చదువుతోంది, ఇప్పుడు పక్కనే కూర్చుంది. పేరు_వద్దు అని రాసిన అమ్మాయికి ఒక మాట చెప్పమంటోంది: నువ్వు రాశావు కాబట్టి నేను అఫిడవిట్‌లో ఆ సంక్రాంతి సంగతి రాయగలిగాను అని.

మూడో రసీదు రాగానే ఇక్కడ చెప్తాను.